గేరుబాక్సు దించే ముందు



ఈ మధ్య మన కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ పక్క ఏ పెళ్లికి పోయినా, పందిరి బయట నిలిపిన కార్లలో క్లచ్ పెడల్ లేని బండి ఒకటైనా కనబడుతోంది. ఒకప్పుడు ఆటోమేటిక్ కారంటే హైదరాబాదు, బెంగళూరు ట్రాఫిక్కులో నలిగేవాళ్ల వ్యవహారం, కాస్త డబ్బున్నోళ్ల వ్యవహారం. 2014లో మారుతి సంస్థ సెలెరియో కారును ఏఎంటీ గేరుబాక్సుతో అందుబాటు ధరకు తెచ్చింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు అవే బండ్లు సెకండ్ హ్యాండులో పట్నాల నుంచి మన ఊళ్లకు దిగుతున్నాయి.

వచ్చిన బండిని వచ్చినట్టు ఉంచుకునేవాళ్లు మనలో తక్కువ. వెడల్పు టైర్లు, అలాయ్ చక్రాలు, ముందర ఇనుప గార్డు, డిక్కీలో పెద్ద బాసు పెట్టె, పికప్ పెరగాలని ఇంజను దగ్గర ఒక చిన్న డబ్బా. ఈ సింగారమంతా అయ్యాక కొన్నాళ్లకు బండి మొరాయిస్తుంది. గేరు మారేటప్పుడు జర్కు కొడుతుంది. ఒక్కోసారి డి లోకి వేసినా గేరు పడదు. నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. షెడ్డుకు తీసుకుపోతే మొదట వినబడే మాట, "గేరుబాక్సు పోయినట్టుందన్నా, దించాల్సిందే."

ఆ మాటకు తల ఊపే ముందు ఆగి చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మార్పులు చేసిన బండిలో గేర్లు సరిగ్గా మారడం లేదంటే, చాలాసార్లు గేరుబాక్సు లోపలి ఇనుము బాగానే ఉంటుంది. దానికి చేరే కబురే తప్పుగా ఉంటుంది. ఆ తప్పుడు కబురు పంపినది మనం చేయించిన మార్పే కావచ్చు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

మామూలు బండిలో గేరు ఎప్పుడు మార్చాలో మన చెవి, మన కాలు చూసుకుంటాయి. ఆటోమేటిక్ బండిలో ఆ తీర్పు ఒక చిన్న కంప్యూటరుది. మెకానిక్కులు దాన్ని టీసీయూ అంటారు. యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, బ్రేకు మీద కాలు ఉందా లేదా, గేరుబాక్సులోకి వచ్చే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోంది, బయటికి పోయే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోంది, ఆయిలు ఎంత వేడిగా ఉంది, ఇంజను ఆ క్షణంలో ఎంత టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తోంది, ఇవన్నీ సెన్సర్ల ద్వారా దానికి అంకెలుగా అందుతాయి. ఆ అంకెలను బట్టే అది గేరు మారుస్తుంది. మన మండీలో శనగలు తూచే కాటా చూడండి. కాటా కింద ఎవరో రాయి పెట్టారనుకోండి, తూచేవాడు ఎంత నిజాయితీపరుడైనా తూకం తప్పే వస్తుంది. అప్పుడు సరిచేయవలసింది కాటా కింద రాయిని గానీ తూచేవాణ్ణి కాదు.

ఆటోమేటిక్ అని అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, మన రోడ్ల మీద తిరిగేవి నాలుగు రకాలు. ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం మాత్రం మన బదులు ఒక యంత్రం చేస్తుంది. రెండోది టార్క్ కన్వర్టర్ రకం. ఇంజను బలం ఆయిలు ద్వారా గేర్లకు చేరుతుంది. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు హైడ్రామాటిక్ పేరుతో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ఇచ్చిన గేరుబాక్సు వంశంలోది ఇది. మూడోది సీవీటీ, ఇందులో మెట్లుమెట్లుగా గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు నడుస్తుంది. నాలుగోది రెండు క్లచ్చుల డీసీటీ. బండి కొన్నవాళ్లు మొదట తెలుసుకోవలసింది తమది ఈ నాలుగింటిలో ఏదని. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. ఒకదాని ఆయిలు ఇంకోదానిలో పోస్తే బాగున్న గేరుబాక్సు కూడా చెడుతుంది.

ఇక మార్పుల సంగతి. మొదట టైర్లు.

టైరు పక్కన 185, 65, 15 అని అంకెలుంటాయి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు అని వాటి అర్థం. లెక్క కడితే చక్రం మొత్తం ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు వస్తుంది. మారుతి స్విఫ్టులో ఖరీదైన రకాలకు ఈ సైజే, ధర తక్కువ రకాలకు 165, 80, 14 టైర్లు ఇచ్చారు. వాటి ఎత్తు కూడా లెక్క కట్టి చూడండి, 620 మిల్లీమీటర్లు. రిమ్ము మారింది, వెడల్పు మారింది, చక్రం ఎత్తును మాత్రం కంపెనీ కదలనివ్వలేదు. గేరుబాక్సు లెక్కలన్నీ ఆ ఎత్తు మీదే నిలబడి ఉంటాయి కాబట్టి.

ఇప్పుడు ఒక పెద్ద బండి తీసుకుందాం. కంపెనీ ఇచ్చినది 235, 65, 17 టైరు. చూడ్డానికి గంభీరంగా ఉండాలని 265, 70, 17 వేయించారు. చక్రం ఎత్తు 737 నుంచి 803 మిల్లీమీటర్లకు పెరిగింది. దగ్గరదగ్గర తొమ్మిది శాతం. మీటరులో 80 చూపిస్తుంటే బండి 87 మీద పోతుంటుంది. అంతకంటే ముఖ్యం, ప్రతి గేరూ తొమ్మిది శాతం బరువెక్కినట్టే. ఎత్తు ఎక్కేటప్పుడు గేరుబాక్సు నాలుగు నుంచి మూడుకు దిగుతుంది, మళ్లీ నాలుగుకు పోతుంది, మళ్లీ దిగుతుంది. టార్క్ కన్వర్టర్ ఎక్కువసేపు జారుతుంది, ఆయిలు వేడెక్కుతుంది. దీనికి గేరుబాక్సు దించనక్కర్లేదు. చక్రం ఎత్తు పాతదానికి రెండు మూడు శాతం లోపల ఉండే టైర్లు వేసుకుంటే చాలు. నాలుగు చక్రాలకూ బలం అందే బండయితే ముందొక సైజు, వెనకొక సైజు అసలే వేయకూడదు.

రెండోది పికప్ డబ్బా. టర్బో డీజిల్ బండ్లకు దీన్ని ఎక్కువగా తగిలిస్తారు. వీటిలో చాలావాటి పని చిత్రంగా ఉంటుంది. డీజిల్ ఒత్తిడి చెప్పే సెన్సరు వైరు మధ్యలో దూరి, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా ఉందని ఇంజను కంప్యూటరుకు చెబుతుంది. అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజనుకు బలం పెరుగుతుంది. కానీ ఆ పెరిగిన బలం సంగతి గేరుబాక్సు కంప్యూటరుకు తెలియదు. దానికి పాత టార్క్ అంకే అందుతుంది. పాత టార్కుకు సరిపడా ఒత్తిడితోనే లోపలి క్లచ్ ప్లేట్లను అది బిగిస్తుంది. వచ్చే బలం ఎక్కువ, పట్టే పట్టు తక్కువ. ప్లేట్లు జారతాయి, కాలుతాయి. "పికప్ అదిరింది" అని ఆరు నెలలు చెప్పుకున్నవాళ్లు తర్వాత గేరుబాక్సుకు బిల్లు కట్టేది ఇందుకే. డబ్బా బదులు ఇంజను కంప్యూటరు లెక్కలనే మార్పించే రీమ్యాప్ చేయించేటప్పుడు గేరుబాక్సు లెక్కలు కూడా దానికి తగ్గట్టు సరిచేయగల చేతికే ఇవ్వాలి. ఆ పని తెలియనివాళ్ల దగ్గర ఇంజను మ్యాపు ముట్టించొద్దు.

యాక్సిలరేటర్ పెడల్ దగ్గర పెట్టే డబ్బా ఇంకొకటి ఉంది. మీరు కొంచెం నొక్కితే ఎక్కువ నొక్కినట్టు అది కబురు పంపుతుంది. బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ ఇంజను బలం పెరగదు. గేరుబాక్సు మాత్రం డ్రైవరు తొందరలో ఉన్నాడనుకుని ఊరికే కింది గేరుకు దూకుతుంది. జర్కు కొడుతోందని వచ్చే బండిలో ఈ డబ్బా ఉంటే, ముందు దాన్ని పీకి నడిపి చూడాలి.

మూడోది కరెంటు పని. బాసు పెట్టెకు ఆంప్లిఫయర్, ముందర ఎల్‌ఈడీ లైట్ల పట్టీ, రెండు రకాల హారన్లు. వైరు ఎక్కడ దొరికితే అక్కడ కోసి, కలిపి, టేపు చుట్టేస్తారు. మారుతి సెలెరియోతో వచ్చిన రకం ఏఎంటీలో క్లచ్చును, గేర్లను కదిపేది ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు కట్టే ఆయిలు ఒత్తిడి. బ్యాటరీ నీరసించిందంటే పంపు ఆ ఒత్తిడి కట్టలేదు. గేరు పడదు. గేరుబాక్సు పోయిందనుకుంటాం.

ఇక్కడ బ్రేకు లైటు స్విచ్చిని కూడా గుర్తు పెట్టుకోవాలి. బ్రేకు తొక్కామన్న కబురు ఈ స్విచ్చి నుంచే పోతుంది. ఆ కబురు అందకపోతే చాలా ఆటోమేటిక్ బండ్లు న్యూట్రల్ నుంచి గేరులోకి పోనివ్వవు. వెనక రంగురంగుల బ్రేకు లైట్లు పెట్టించిన మరునాడే గేరు పడడం మానేసిందంటే, ముందు ఆ వైరింగు చూడాలి.

నాలుగోది ముందరి ఇనుప గార్డు. మన సీమలో దీని మీద ఉన్న మోజు సినిమాలు చూసినవాళ్లందరికీ తెలిసిందే. ఈ గార్డులు చట్టవిరుద్ధమని, వీటి మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ప్రమాదంలో పాదచారులకూ, లోపల కూర్చున్నవాళ్లకూ కీడని అందుకు చెప్పిన కారణం. గేరుబాక్సు వైపు నుంచి చూస్తే ఇంకో కారణం ఉంది. చాలా టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లలో గేరుబాక్సు ఆయిలు చల్లబడేది రేడియేటర్ దగ్గరే. గార్డు, దాని మీద లైట్ల పట్టీ, మధ్యలో నంబరు పలక కలిసి గాలికి అడ్డం నిలబడతాయి. దానికి తోడు మన నల్లరేగడి దుమ్ము, పొలాల పక్క ఎగిరే పొట్టు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. నంద్యాల పక్క ఎండాకాలంలో గాలి వేడే 43, 44 డిగ్రీలు తాకుతుంది. ఆయిలు చల్లబడే దారేది?

గేరుబాక్సుకు వేడి ఎంత శత్రువో చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన ఏడు గేర్ల డీసీటీ ఉన్న కార్లను ప్రపంచవ్యాప్తంగా లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచి, గేరుబాక్సులోని సింథటిక్ ఆయిలు తీసి మినరల్ ఆయిలు పోసింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశాల్లో, నెమ్మదిగా సాగే ట్రాఫిక్కులో, ఆ సింథటిక్ ఆయిలు వల్ల లోపలి విద్యుత్ వ్యవస్థ దెబ్బతింటోందని తేలింది. పళ్లూ చక్రాలూ బాగానే ఉన్నాయి. వాతావరణానికి ఆయిలు పడలేదు.

ఇక షెడ్డులో ఏ వరుసలో చూడాలో చెబుతాను. వరుస తప్పితే డబ్బు తప్పుతుంది.

మొదట ఒక కాగితం తీసుకోండి. బండికి ఏమేం మార్చారో, ఎప్పుడు మార్చారో, రోగం ఎప్పుడు మొదలయిందో రాయండి. సెకండ్ హ్యాండ్ బండయితే అమ్మినవాళ్లకు ఫోను చేసి అడగండి. సగం జవాబు ఆ కాగితం మీదే దొరుకుతుంది.

రెండోది బ్యాటరీ. బండి కొన్ని గంటలు నిలబడి ఉన్నప్పుడు మల్టీమీటరుతో చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 చూపిస్తే సగం ఖాళీ అయినట్టు. తర్వాత ఎర్తు. మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనసుకు, ఎర్ర తీగను గేరుబాక్సు లోహానికి ఆనించి, ఇంకొకరిని స్టార్ట్ కొట్టమనండి. మీటరులో 0.2 వోల్టుల కంటే తక్కువ రావాలి. అర వోల్టు చూపించిందా, ఎర్తు పట్టీ తుప్పు పట్టింది, లేదా బాసు పెట్టె బిగించినవాళ్లు దాన్ని వదులు చేశారు. ఆ పట్టీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే అయ్యే ఖర్చు టీ డబ్బులు.

మూడోది స్కానరు. కోడ్లు చెరిపేయకముందే రాసుకోమని చెప్పండి. పి0700 అని వస్తే గేరుబాక్సు కంప్యూటరు ఏదో చెప్పదలచుకుందని మాత్రమే అర్థం, గేరుబాక్సు పోయిందని కాదు. అసలు సంగతి దాని వెనక కోడులో ఉంటుంది. పి0720 అయితే బయటికి పోయే షాఫ్టు వేగం చెప్పే సెన్సరు, దాని వైరు చూడాలి. పి0741 అయితే కన్వర్టర్‌ను జారకుండా పట్టే లాకు పడడం లేదు. పి0730 వస్తే లోపలికి వచ్చే వేగానికీ బయటికి పోయే వేగానికీ లెక్క కుదరడం లేదు, అంటే లోపల ఏదో జారుతూ ఉండవచ్చు. భయపడవలసింది ఈ చివరిదానికి.

నాలుగోది ఆయిలు. కొన్ని బండ్లకు డిప్‌స్టిక్ ఉంటుంది, చాలావాటికి ఉండదు. లేనివాటిలో, టార్క్ కన్వర్టర్ రకమయితే, ఇంజను నడుస్తుండగా, ఆయిలు కంపెనీ చెప్పిన వేడిలో ఉండగా, కింద బిరడా తీసి మట్టం చూడాలి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. చుక్క పలచగా నాలుగు పక్కలా పాకి, రంగు తేటగా ఉంటే బాగున్నట్టు. గోధుమ రంగుకు తిరిగితే ముసలిదయింది. నల్లగా మధ్యలోనే ఆగిపోయి, మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. కుందూ నది పొంగినప్పుడో, వాగు దాటేటప్పుడో గేరుబాక్సు గాలి గొట్టం గుండా నీళ్లు పోవచ్చు, లేదా రేడియేటర్ లోపలే కారి కలవవచ్చు. ఆ బండిని ఇంక స్టార్ట్ చేయకుండా లాక్కుపోవడమే మేలు.

అయిదోది మార్పులను వెనక్కి తిప్పడం. పికప్ డబ్బా తీసేయండి, పెడల్ డబ్బా తీసేయండి, కంపెనీ సైజు చక్రాలు రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి. రోగం కనిపించిన అదే రోడ్డు మీద, అంతే బరువుతో నడపండి. రోగం పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే కూడా నష్టం లేదు, అనుమానాల్లో ఒకటి తగ్గింది.

ఆరోది నేర్పడం. ఈ కంప్యూటర్లు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ప్లేట్లు ఎంత అరిగాయో నడుస్తూ నడుస్తూ నేర్చుకుంటాయి. తప్పుడు కబుర్లతో నేర్చుకున్నది తప్పే కదా. కారణం సరిచేశాక పాత లెక్క చెరిపి కొత్తగా నేర్పించాలి. ఏఎంటీలో క్లచ్ మార్చినా ఈ పని తప్పదు. ఇక్కడే చాలామంది వరుస తిరగేస్తారు. కారణం వదిలేసి నేర్పింపు మాత్రం చేస్తే వారం రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు.

ఈ ఆరూ అయ్యాక కూడా జారుతుంటే, అప్పుడు గేరుబాక్సు దించండి. అప్పుడు దించడం న్యాయం.

నడిపే తీరు గురించి ఒక్క మాట. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్‌లో ముందర లారీ ఆగిందనుకోండి. ఏఎంటీ గానీ డీసీటీ గానీ ఉన్నవాళ్లు యాక్సిలరేటర్ మీద కొంచెం కాలు పెట్టి బండిని ఎత్తు మీద నిలబెట్టకూడదు. అప్పుడు బరువంతా క్లచ్ మోస్తుంది, నిమిషాల్లో మాడు వాసన వస్తుంది. బ్రేకు తొక్కి నిలపండి, ముందు జాగా దొరికాక ఒక్కసారిగా కదలండి.

ఇంతవరకూ సోకుకు చేసే మార్పులు చెప్పాను. అవసరానికి చేసే మార్పు కూడా ఉంది. కాళ్లు పనిచేయని వాళ్ల కోసం ఆటోమేటిక్ కారుకు చేతి లివరు బిగిస్తారు. లివరును ఒక పక్కకు నొక్కితే బ్రేకు, ఇంకో పక్కకు లాగితే యాక్సిలరేటర్. దివ్యాంగులు ఇలా తమకు తగ్గట్టు బండిని మార్చుకోవడానికి 2019 మోటారు వాహన సవరణ చట్టం వీలు కల్పించింది. రిజిస్టరు చేసే అధికారి అనుమతి తీసుకోవాలి. ఈ బండ్లలో వచ్చే గేరు తకరారుకు కారణం తరచుగా చాలా చిన్నది. లివరు కడ్డీ బిగింపు ఒక నూలు ఎక్కువైతే బ్రేకు పెడల్ ఎప్పుడూ కొంచెం కిందికి నొక్కుకుని ఉంటుంది. బ్రేకు తొక్కుతూనే ఉన్నారని గేరుబాక్సు అనుకుంటుంది, కన్వర్టర్ లాకు వేయదు. డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది, ఆయిలు కాగుతుంది. యాక్సిలరేటర్ కడ్డీ బిగిసి ఉంటే న్యూట్రల్ నుంచి గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది. చేయి తీసేసినప్పుడు రెండు పెడళ్లూ పూర్తిగా పైకి వస్తున్నాయా, వెనక బ్రేకు లైటు ఆరుతోందా అని చూస్తే సరిపోతుంది. ఒకరి రాకపోకలూ బతుకుదెరువూ ఆధారపడిన బండి అది. మెకానిక్ సోదరులు ఆ ఒక్క నిమిషం తప్పకుండా కేటాయించాలి.

సోకు మార్పులకు మాత్రం చట్టం అంత ఉదారంగా లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే ఖాయం చేసింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది.

శ్రోతలారా, బండి మీది, ముచ్చట మీది, కాదనను. కానీ మార్పు చేయించే ముందు "దీనివల్ల గేరుబాక్సుకు అందే ఏ అంకె మారుతుంది?" అని మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ పని చేయించొద్దు. ఇప్పటికే చేయించి ఉంటే, గేరుబాక్సు దించమనే ముందు ఆ మార్పుల కాగితం రాసి మెకానిక్ చేతిలో పెట్టండి. పైన చెప్పిన ఆరు పరీక్షలకూ కలిపి అయ్యే ఖర్చు, గేరుబాక్సు ఒక్కసారి దించి ఎక్కించే కూలికి కూడా రాదు.